ఇంటి కవిలె

శ్రీకాకుళ పట్టణమునకు సమీపమున శ్రీకూర్మమను పుణ్యక్షేత్రము కలదు. అచ్చటి కూర్మనాథుని యాలయమున నల్లరాతి స్తంభములు వరుసలు తీరి నిలిచియుండును. దగ్గరకు పోయి చూచినచో, వానిపై చిన్న చిన్న అక్షరములు చీమలబారువలె చెక్కబడియుండుట కనబడును. అందు పెక్కులు గంగవంశపు రాజుల కాలమునాటి శాసనములు. ఒకరు స్వామి సన్నిధిని దీపము వెలిగించుటకు ధనమిచ్చిరి. వేరొకరు భూమి నిచ్చిరి. ఎవరిచ్చిరి, ఎప్పుడిచ్చిరి, దేనికై యిచ్చిరి అను సంగతులు ఆ రాళ్లపై నున్నవి. ఇచ్చినవారు పోయిరి. పుచ్చుకొన్నవారు పోయిరి. వారి రాజ్యములును పోయినవి. వ్రాత మాత్రము నిలిచినది.

రాతిపై వ్రాయించుట ధనవంతులకే సాధ్యము. గ్రామములలో మన పూర్వులు తాటాకుపై గంటముతో లెక్కలు వ్రాసెడివారు. ఆ యాకుల కట్టకు కవిలె యని పేరు. ఏ పొలము ఎవరిది, ఎంత పండినది, ఎంత శిస్తు చెల్లినది యను వివరములు అందుండెడివి. కవిలె వ్రాయువాడు కరణము. మన ప్రాంతమున విజయనగరము, బొబ్బిలి మున్నగు జమీలుండిన కాలమున రైతు తన భూమిని గూర్చి తెలిసికొనవలెనన్నను కరణముకడకే పోవలసివచ్చెడిది. 1948 నాటి చట్టముచేత జమీందారీలు రద్దయినవి. 1984లో కరణముల యుద్యోగములును రద్దయినవి.

అయితే కరణము ఊరి లెక్క వ్రాసెనేగాని, ఇంటి లెక్క వ్రాయలేదు. పెరటిలోని మామిడిచెట్టు ఎన్నడు నాటబడెనో, జాడీలోని యావకాయలో ఉప్పెంత పడెనో, బిడ్డ పుట్టిన తేది యేదో ఊరి కవిలెలో దొరకదు. వానిని వ్రాయవలసినవారు ఇంటివారే. కావున ప్రతి యింటికిని ఒక కవిలె యుండవలెను. దాని వలన కలుగు ప్రయోజనమును ఒక కథ మూలమున తెలిసికొందము.

శ్రీకాకుళము జిల్లాలో సముద్రతీరమున ఉద్దానమను ప్రదేశమున్నది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మున్నగు మండలములు ఇందులోనివి. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనసచెట్లతో నిండిన ఆ నేలకు ఆ పేరు తగియే యున్నది. 2018 అక్టోబరు 11వ తేదిని తెల్లవారుజామున తిత్లీ యను తుపాను పలాస సమీపమున తీరము దాటెను. గాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగముతో వీచెను; ఒక్కొక్క విసురు 165 కిలోమీటర్ల వరకు పోయెను. తాతలు నాటిన కొబ్బరిచెట్లు మొదలంట కూలినవి. జీడితోటలు నేలమట్టమైనవి. అనేక గ్రామములలో దినములతరబడి విద్యుత్తు లేకపోయెను.

ఆ ప్రాంతపు కుటుంబమొకదానిని మనస్సున ఊహించుకొందము. కుటుంబము కల్పితమే, దాని కష్టము మాత్రము కల్పితము కాదు. ఆ యింట ఒక మామ్మ, ఆమె కొడుకు, కోడలు, ఎనిమిదవ తరగతి చదువు మనుమడు ఉన్నారు. మామ్మకు చదువు రాదు. ఆమెకు మూడు పత్రములలో మూడు వయస్సులు వ్రాయబడియుండెను. పింఛనునకు దరఖాస్తు పెట్టిననాడు కార్యాలయమున నున్నవారు, "అమ్మా, ఇందులో ఏది నిజము?" అని యడిగిరి. ఆమె సమాధానము చెప్పలేకపోయెను. పుట్టిననాడు ఎవరును వ్రాసిపెట్టలేదు.

ఇంటికి వచ్చి ఆమె మనుమని పిలిచి యిట్లనెను: "నాయనా, నా పుట్టుక యెవరికిని జ్ఞాపకము లేకపోయినది. ఈ యింటిలో ఇక నేదియు అట్లు పోరాదు. నీకు అక్షరములు వచ్చును. నాకు సంగతులు తెలియును. నేను చెప్పెదను; నీవు వ్రాయుము."

మనుమడు గట్టి అట్టగల నోటుపుస్తకము నొకదానిని తెచ్చి, మూడు భాగములు చేసెను. మొదటిది తోట లెక్క. రెండవది జాడీల లెక్క. మూడవది పత్రముల లెక్క.

తోట లెక్క

మొదట వారిరువురును తోటలోనికి పోయి చెట్లు లెక్కపెట్టిరి. కొబ్బరిచెట్లు 64. ప్రతి చెట్టు మొదటను రంగుతో ఒక అంకె వేసిరి. పుస్తకమున తోట పటము గీసి, ఆ యంకెలను అందులో గుర్తించిరి. ఏ చెట్టు తాత నాటినది, ఏది తండ్రి నాటినది, మొక్క ఎచ్చటినుండి తేబడినది యని మామ్మ చెప్పుచుండగా మనుమడు వ్రాసెను. దింపు తీసిన ప్రతిసారియు చెట్టువారీగా కాయల సంఖ్యను వ్రాయసాగెను.

చెట్టునకు అంకె యేల యని మీరడుగవచ్చును. కొబ్బరి స్వభావము తెలిసినచో కారణము తెలియును. కొబ్బరి మోవిలో గెల రూపుకట్టుట మొదలు అది విచ్చుకొనువరకు రెండున్నర సంవత్సరములకు పైగా పట్టును. విచ్చుకొన్న పిదప కాయ ముదురుటకు ఇంచుమించు 12 నెలలు కావలెను. కావున ఒక యేటి యనావృష్టి ఆ యేటితోనే తీరిపోదు. దాని ఫలితము రెండు మూడేండ్ల వరకు కాపులో కనబడుచుండును. వ్రాతలేని రైతు, "ఈ యేడు వానలు బాగుగనే పడినవి గదా, కాయలేల తగ్గినవి?" అని విస్తుపోవును. వ్రాత యున్నవాడు వెనుకటి పుటలు త్రిప్పి కారణము గ్రహించును. ఎరువు వ్యాపారి మాటలకు మోసపోడు.

మామిడి విషయమును ఇట్టిదే. విజయనగరము ప్రాంతపు తోటలలో సువర్ణరేఖ, పణుకులు, బంగినపల్లి మున్నగు రకములు పండును. మామిడిరకములు పెక్కు ఒక యేడు విరగకాసి, మరుసటి యేడు విశ్రమించును. ఐదారేండ్ల లెక్క చేతిలోనున్నచో, ఏ చెట్టు ఏడు విడిచి యేడు కాయునో, ఏది యేటేట కాయునో తెలియును. అంటు కట్టవలసినపుడు ఏ చెట్టు కొమ్మ మేలైనదో ఆ పుస్తకమే చెప్పును.

పెరటి కూరగాయలకును ఒక పుట యుండవలెను. మన రైతులు కార్తెలను బట్టి విత్తుదురు. రోహిణి, మృగశిర, ఆరుద్ర అను కార్తెల పేర్లు చదువురాని వారికిని తెలియును. కార్తెతో పాటు తేదిని గూడ వ్రాసినచో రెండు విధములైన తెలివియు ఒక్కచోట చేరును. మనుమని పుస్తకమునుండి ఒక మచ్చు చూడుడు.

"జూన్ 10, మృగశిర కార్తె. తూర్పు మూల ఆనపగింజలు 6 పెట్టితిమి. విత్తనము నిరుటి మన కాయదే.
జూన్ 17. నాలుగు మొలచినవి. రెండు చీమలు తినినవి.
జులై 2. ఒక తీగ నీరు నిలిచి కుళ్లినది. కాలువ తీయకపోవుట నా తప్పు.
ఆగష్టు 12. మొదటి కాయ కోసితిమి."

ఇందు మూడవ వాక్యము ముఖ్యమైనది. మంచిని మాత్రమే వ్రాసిన పుస్తకము పొగడ్త యగునేగాని లెక్క కాదు. చచ్చిన మొక్కను గూర్చి వ్రాసినవాడే మరుసటి యేడు మొక్కను బ్రదికించును.

జాడీల లెక్క

వేసవి వచ్చినదనిన మన యిండ్లలో ఊరగాయల సందడి మొదలగును. ఆవకాయ, మాగాయ, మెంతికాయ జాడీల కెక్కును. గుమ్మడి వడియములు మేడమీద ఎండును. విజయనగరము జిల్లాలోని భీమాలి గ్రామము మామిడితాండ్రకు పేరుపొందినది. మామిడిరసమును చాపలపై పొరగా పోసి, అది యెండిన పిదప మరియొక పొర పోయుచు తాండ్ర చేయుదురు. తీరగ్రామములలో చేపలను ఉప్పు వేసి ఎండబెట్టుదురు. ఇవియన్నియు నొక్కటే విద్య: దొరకు కాలమున దాచి, దొరకని కాలమున తినుట.

ఈ విద్య మన తల్లుల చేతులలో నున్నది. "ఉప్పెంత వేయవలెను?" అని యడిగినచో, "చేతికి తెలియును" అని వారందురు. అది నిజమే. కాని ఆ చేయి యెల్లకాలము ఉండదు గదా. పైగా ఒక యింటి సోలకును మరియొక యింటి సోలకును తేడా యుండును. కావున కోడలు ఆవకాయ కలుపునపుడు మనుమడు ప్రక్కన కూర్చుండి, ముక్కలు, ఉప్పు, కారము, ఆవపిండి, నూనె యొక్కొక్కటిగా తూచి వ్రాసెను. తేది, కాయ యే చెట్టుది, మూడవనాడు తిరుగగలుపునపుడు ఎంత నూనె పోసిరి యనునవియు వ్రాసెను. జాడీపై ఒక చీటి నంటించెను. పుస్తకములోని యంకెయే చీటిపైన నుండెను.

ఉప్పు లెక్క యేల అంత ముఖ్యము? ఉప్పు కాయముక్కలలోని నీటిని వెలికి లాగును. ఉప్పు దండిగా నున్నచోట కుళ్లు పుట్టించు సూక్ష్మజీవులు పెరుగజాలవు. పైన నిలిచిన నూనె గాలిని అడ్డగించును. బూజు పెరుగుటకు గాలి కావలెను. అందుచేతనే నూనెపైకి తేలిన ముక్కకు బూజు పట్టుట తరచుగా చూచుచున్నాము. తడి గరిటె పెట్టినను కీడే. ఒక జాడీ చెడినపుడు, "ఈ యేడు కలిసిరాలేదు" అని ఊరకుండరాదు. బూజు పట్టినదానిని పారవేసి, చెడిన తేదిని వ్రాసి, దాని కొలతలను చెడని జాడీ కొలతలతో పోల్చిచూడవలెను. అపుడు అదృష్టమనుకొన్నది ఉప్పు తక్కువగుట యని తేలవచ్చును.

ఇదే పుస్తకమున బియ్యము, చోళ్లు, పప్పులు, చింతపండు ఎంత నిలువ యున్నవో నెలకొకసారి వ్రాయవలెను. ముందు నిలువచేసినదానిని ముందు వాడవలెను. విత్తనములకై దాచినవానిని తినుటకు దాచినవానితో కలుపరాదు.

పత్రముల లెక్క

మూడవ భాగము చిన్నది, కాని బరువైనది. ఇంటిలో ఎన్ని పత్రములున్నవో చూడుడు: జనన మరణ ధ్రువపత్రములు, ఆధార్ కార్డులు, రేషను కార్డు, పట్టాదారు పాసుపుస్తకము, భూమి దస్తావేజులు, బ్యాంకు పుస్తకములు, పాఠశాల ధ్రువపత్రములు, పిల్లల టీకాల కార్డులు. ఒక్కొక్కదాని పేరు, సంఖ్య, తేది, ఏ కార్యాలయము ఇచ్చినది యను నాలుగు సంగతులను పుస్తకమున వ్రాసియుంచవలెను. కాగితము తడిసిపోవచ్చును. కాని సంఖ్యయు, తేదియు, కార్యాలయమును తెలిసియున్నచో దాని ప్రతిని సంపాదించుట సులభము. రిజిష్టరైన దస్తావేజు నకలు, సంఖ్యయు సంవత్సరమును చెప్పినచో, రిజిస్ట్రేషను కార్యాలయమున దొరకును. ఏమియు తెలియనివాడు కార్యాలయముల చుట్టు తిరుగవలసినదే.

1969 నాటి చట్టము ప్రకారము పుట్టుకను గాని చావును గాని 21 దినములలో నమోదు చేయింపవలెను. ఆ చట్టమునకు 2023లో సవరణ జరిగెను. ఆ యేడు అక్టోబరు 1 మొదలు పుట్టినవారికి బడిలో చేరుటకును, ఓటరు జాబితాలో చేరుటకును, మరి కొన్ని పనులకును పుట్టిన తేదికి జనన ధ్రువపత్రమే ఆధారము. మామ్మకు కలిగిన యిక్కట్టు నేటి శిశువునకు కలుగరాదన్నచో తల్లిదండ్రులు ఈ 21 దినములను మరువరాదు.

మన జిల్లాల వారికి మరియొక చిక్కును కలదు. పార్వతీపురమునే చూడుడు. 1950 వరకు అది విశాఖపట్టణము జిల్లాలో నుండెను. ఆ యేడు ఆగష్టు 15న శ్రీకాకుళము జిల్లా యేర్పడగా అందు చేరెను. 1979 జూన్ 1న విజయనగరము జిల్లా యేర్పడగా దానిలో కలిసెను. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురము మన్యము జిల్లా పుట్టెను. ఊరు కదలలేదు, ఇల్లు కదలలేదు. కాని ఒక నిండు జీవితకాలములో ఆ యూరు నాలుగు జిల్లాలలో నుండెను. సోంపేట, టెక్కలి ప్రాంతములు 1936 వరకు గంజాము జిల్లాలోనివి. తాత దస్తావేజులో ఒక జిల్లా, తండ్రి ధ్రువపత్రములో ఒక జిల్లా, మనుమని కార్డులో మరియొక జిల్లా ఉన్నచో, చూచువారు వేరు వేరు ఊళ్లని భ్రమపడవచ్చును. కావున జిల్లాలు మారిన తేదులను గూడ ఇంటి కవిలెలో వ్రాసియుంచుట మేలు. పేరు అక్షరక్రమము అన్ని పత్రములలోను ఒక్కటిగా నున్నదో లేదో ఇపుడే చూచుకొని, తప్పున్నచో ఇపుడే దిద్దించుకొనవలెను.

పత్రములను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మూత గట్టిగా పట్టు డబ్బాలో, నీరందని యెత్తున ఉంచవలెను. నకళ్లను వేరొక చోట ఉంచవలెను. 2015లో మొదలైన డిజిలాకర్ వంటి సదుపాయములను గూడ వాడుకొనవచ్చును. కాని ఒక జాగ్రత్త: బ్యాంకు రహస్యసంఖ్యలను ఈ పుస్తకమున వ్రాయరాదు. ఫోనునకు వచ్చు ఓటీపీని ఎవరికిని చెప్పరాదు. డబ్బా యెచ్చట నున్నదో ఇంటిలో కనీసము ఇద్దరికి తెలిసియుండవలెను. ఒక్కరికే తెలిసిన రహస్యము వారితోనే పోవును.

ఇపుడు మరల ఉద్దానమునకు పోదము. తుపాను హెచ్చరిక వచ్చిన సాయంకాలము మామ్మ నగల పెట్టె నడుగలేదు. "డబ్బా తెమ్ము, పుస్తకము తెమ్ము" అనెను. రెంటిని చంకనిడుకొని ఆ కుటుంబము తుపాను రక్షణభవనమునకు చేరెను. తెల్లవారి తిరిగివచ్చి చూచునప్పటికి ఇంటి కప్పు లేదు. తోటలో 41 చెట్లు పడియుండెను. మామ్మ ఒక మాటయు పలుకక, పడిన చెట్లను చేతితో తాకుచు నడిచెను.

ప్రక్క తోట ఇద్దరన్నదమ్ములది. వారి గట్టుపై చెట్లు ఒకదానిపై నొకటి కూలి, ఏది యెవరిదో తెలియకుండెను. లెక్కకు వచ్చినవారి యెదుటనే వారు తగవులాడుకొనిరి. ఒకే పళ్లెమున తినినవారు ఆనాటినుండి మాటలాడుట మానిరి. గాలి చెట్లను మాత్రమే కూల్చినది. వ్రాత లేమి అన్నదమ్ములను విడదీసినది.

మామ్మ తోటలో అట్టి తగవు లేదు. మనుమడు పటము తెరచి, చెట్ల యంకెలను చూపి, పడినవానిని ఒక్కొక్కటిగా చదివెను. లెక్క ఒక్క పూటలో ముగిసెను. బజారులు మూతపడిన ఆ దినములలో ఇంటిలో నేమున్నదో, అది యెన్నాళ్లు వచ్చునో కోడలికి తెలిసియుండెను. కొంత చోళ్లపిండిని ఆమె ప్రక్క తోటవారికి గూడ ఇచ్చెను.

కూలిన చెట్టును పుస్తకము నిలువబెట్టలేదు. పొడుగురకపు కొబ్బరి కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. ఆ నష్టము వ్రాతతో తీరునది కాదు. కాని ఎచ్చట ఏది యుండెనో, ఏ చెట్టు మేలుగా కాచెనో తెలిసియుండుటచేత ఆ కుటుంబము ఏడుపుతో ఆగిపోక, మరల నాటుటకు పూనుకొనెను. నిలిచిన 23 చెట్లలో మంచి కాపుగలవానినుండి విత్తనపుకాయలు తీసిరి. ఏ చెట్టుది మంచి కాపో పుస్తకము చెప్పెను.

విద్యార్థులారా! విజయనగరమున నివసించిన మహాకవి గురజాడ అప్పారావుగారు (1862–1915) డైరీలు వ్రాసియుండిరి. అవి తరువాతి కాలమున అచ్చయి, వారి జీవితమును తెలిసికొనగోరువారికి ఆధారములైనవి. మనము మహాకవులము కాకపోవచ్చును. కాని మన యింటివారికి మన యింటి సంగతులే చరిత్ర. దానిని వ్రాయుటకు నాలుగు నియమములు చాలును. నాటి సంగతి నాడే వ్రాయుడు. కొలిచి వ్రాయుడు. తప్పును దాచక వ్రాయుడు. తెలియనిదానిని తెలిసినట్లు వ్రాయకుడు.

ఈ నాలుగవ నియమమును మామ్మయే నేర్పెను. తుపాను వెలిసిన కొన్నాళ్లకు మనుమడు పుస్తకము మొదటి పుటలో ఇంటివారి పేర్లును, పుట్టిన తేదులును వ్రాయుచు, ఆమె పేరుకడ ఆగెను. "మామ్మా, ఏదేని యొక తేది వేయుదునా?" అని యడిగెను.

"వలదు నాయనా. ఉన్నమాటయే వ్రాయుము" అని ఆమె బదులు చెప్పెను.

అతడు, "పుట్టిన తేది తెలియదు. ఈ పుస్తకము వ్రాయించినది ఈమెయే" అని వ్రాసెను.

ప్రశ్నలు

1. శ్రీకూర్మము స్తంభములపై నున్న వ్రాతలకును ఇంటి కవిలెకును గల పోలిక యేమి?
2. ఒక యేటి యనావృష్టి ఫలితము కొబ్బరికాపులో ఆలస్యముగా కనబడుటకు కారణమేమి?
3. ఊరగాయ చెడకుండుటకు ఉప్పును, నూనెయు ఎట్లు తోడ్పడును?
4. పార్వతీపురము ఏయే జిల్లాలలో, ఎప్పుడెప్పుడు ఉండెను?
5. "వ్రాత లేమి అన్నదమ్ములను విడదీసినది" — ఈ వాక్యమును వివరింపుడు.
6. మీ యింటి పెద్దలనడిగి, మీ పెరటిలోని యొక చెట్టు చరిత్రను పది పంక్తులలో వ్రాయుడు.